గిన్నెలు కడిగిన నీళ్లు

పదకొండేళ్లు ఆ నీళ్లను గుమ్మం బయటికి విసిరేశాను.
ఎటు పోయాయో చూడలేదు.
కొండవాలు మీద పడ్డ నీటికి
లోయంటే ఎంత తొందరో!
పోతూ పోతూ దోసెడు మట్టిని చంకనేసుకుని పోతుంది.
మా బడి వెనకాల గండి అలాగే పుట్టింది.
మొదట్లో కోడిపిల్ల దాటేది.
ఇప్పుడు గుర్రం దిగితే చెవులు కూడా కనబడవు.

నేను మాతియెహోని.
లెసోతో కొండల్లో నలభై ఒక్కమంది పిల్లల బడికి వంటమనిషిని.
మూడుకాళ్ల ఇనప కుండ నాది, గరిటె నాది,
జొన్నసంకటి మాడితే పడే మాటా నాదే.

ఆగస్టు గాలిలో వచ్చింది కొత్త టీచరమ్మ మఖౌతా.
నేల మీద మేకు పాతి, తాడు కట్టి,
గుండ్రంగా గీత గీసింది.
ఒక పక్క లోపలికి నడిచేంత సందు వదిలింది,
పైనుంచి చూస్తే తాళంకప్ప కన్నంలా.
"పుస్తకం మర్చిపోతే క్షమిస్తాను,
రాయి మర్చిపోతే క్షమించను" అంది పిల్లలతో.
రోజుకో రాయి.

ఏటి అవతలి న్తొఫీలా
నున్నటి గులకరాయిని దుప్పట్లో చుట్టి తెచ్చింది,
నిద్రపోతున్న తమ్ముణ్ణి తెచ్చినట్టు.
లెబ్వజ్వాంగ్ వాళ్ల నాయనమ్మ తలుపుకి అడ్డంపెట్టే రాయి తెచ్చాడు.
మధ్యాహ్నానికి నాయనమ్మే వచ్చి
గోడలోంచి పీక్కుని పోయింది.

అడుగున తుప్పు డబ్బాలు, వాటి మీద ఎముకలు,
నా పొయ్యి బూడిద, ఎండుగడ్డి, పేడ,
అన్నిటి పైన మట్టి.
నడుమ నిలువెత్తు పుల్లల బుట్ట.
అప్పుడు నావైపు తిరిగి
"మీ నీళ్లు నాకు కావాలి" అంది.
నా వంట అడిగినవాళ్లున్నారు, అప్పడిగినవాళ్లున్నారు,
కడిగిన నీళ్లు అడిగిన మనిషిని అదే చూడడం.
సబ్బు మానేసి బూడిదతో తోమమంది పైగా.
గొణిగాను. తోమాను.

నవంబరులో వడగళ్లు.
తెల్లారేసరికి గోడ పొట్ట ఉబ్బి, ఓ పక్క కూలి,
మట్టంతా గండి దారి పట్టింది.
పిల్లలు ఏడవలేదు, అదే నాకు బాధనిపించింది.

నెలంతా ఎదురుకొండ మీంచి మమ్మల్ని చూస్తున్న గొర్రెల కుర్రాడు
ఆ రోజు దిగొచ్చాడు. లెట్లాత్సా.
బూడిదరంగు దుప్పటి, కర్ర, రెండు కుక్కలు.
బడి గడప ఎన్నడూ తొక్కనివాడు
ఏమీ అనకుండా మిగిలిన గోడనీ కూలదోశాడు!
న్తొఫీలా వాడి దుప్పటి పట్టుకుని లాగింది.
వాడు మాత్రం గొర్రెలదొడ్డికి పేర్చినట్టు
ఒక్కో రాయినీ తిప్పి తిప్పి చూసి, లోపలికి వాల్చి,
రెండు రాళ్ల సందు మీద మూడోది కూర్చోబెట్టి,
"రాయికీ మొహం ఉంటుంది" అన్నాడు,
"ఎటు చూస్తోందో అడగాలి."
టీచరమ్మ పిల్లల్లో కూర్చుని విన్నది.

పొద్దు వాలింది. వాడికి తిండి పెట్టబోతే
హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు:
సరుకులు నలభై ఒక్కమందికే లెక్క.
నిజమే. లెక్క లెక్కే.
కుండ వంచి అడుగంటింది గీకి పెట్టాను.
మాడుకి ఏ రిజిస్టరులోనూ గడి లేదు కదా.
ఆ రోజు నుంచి సంకటి కొంచెం ఎక్కువే మాడుతోంది.
నాకు వయసు మీదపడిందనుకుంటున్నారు.

జూన్‌లో కొండలు తెల్లబడ్డాయి.
రాళ్లు పగటెండని రాత్రికి దాచిపెడతాయట.
పొద్దున్నే మంచు దులిపితే కింద పచ్చగా పాలకూర.
పళ్లెంలో సంకటి పక్కన ఆకుపచ్చ రంగు చూసి
లెబ్వజ్వాంగ్ దాన్ని చివరికి దాచుకుని తింటాడు.

గొర్రెలు నీళ్లు తాగే వేళకి
లెట్లాత్సా కిటికీ బయట నిలబడతాడు.
అంత చలిలో టీచరమ్మ
"ఉక్కగా ఉంది" అని రెక్కలు తెరుస్తుంది.
పిల్లలు దుప్పట్లు దగ్గరికి లాక్కుంటారు. ఎవరూ ఏమీ అనరు.

గండి అలాగే ఉంది. పూడ్చడం మా వల్లయ్యే పని కాదు.
అంచున కలబంద నాటాం వరసగా,
కొన్ని బతికాయి.
నేను రోజూ నీళ్లు బుట్టలో పోసి,
ఖాళీ బకెట్‌తో వంటింటి గుమ్మం నుంచి గండి దాకా
అడుగులు లెక్కపెడుతూ నడుస్తాను.
నిరుడు వానలకి ముందు ముప్పై రెండు.
ఇవాళా ముప్పై రెండే.